షీల్డు సంగతి అడిగావుగా, విను

ఒసేయ్ బుజ్జీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఒక పక్క బాబు ఏడుపు, ఇంకో పక్క మీ అమ్మమ్మ సణుగుడు, మధ్యలో నువ్వు గొంతు తగ్గించి, ఆ నిపుల్ షీల్డు గురించి, అదే పాలిచ్చేటప్పుడు చనుమొన మీద పెట్టుకునే పల్చటి తొడుగు గురించి, "ఈ ప్లాస్టిక్ ముక్క పెట్టుకుని ఎన్నాళ్ళని పాలివ్వనే?" అనడం. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నీ చుట్టూ ఎప్పుడూ నలుగురు చుట్టాలుంటారు, నువ్వు "ఊఁ", "ఆఁ" తప్ప ఏమీ మాట్లాడలేవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వాడు ఒళ్ళో నిద్రపోయాక ఒక చేత్తో చదువుకో.

నువ్వడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను: నీకు ఇష్టమున్నన్నాళ్ళు. మావాడికి రెండో పుట్టినరోజు దాటేదాకా ఇచ్చాను, ఆఖరి రోజు వరకూ షీల్డుతోనే. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏమీ వద్దని, ఆ తర్వాత మిగతా తిండితో పాటు రెండేళ్ళు, ఇంకా కావాలంటే ఆపైన కూడా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ పాలు నేరుగా వచ్చాయా, షీల్డులోంచి వచ్చాయా అని వాడి పొట్ట అడగదు. అన్నట్టు అది ప్లాస్టిక్ కాదే, సిలికాన్. మీ అమ్మమ్మతో ఆ మాట చెప్పు. ఆవిడ ఒప్పుకోదనుకో, అయినా చెప్పు.

మావాడు 35 వారాలకే పుట్టేశాడని నీకు తెలుసు. నోరు చూస్తే ఉసిరికాయంత. రొమ్ము పట్టడం, రెండు గుటకలు వేయడం, నిద్రపోవడం. అరికాలు గిల్లినా లేచేవాడు కాదు. నాకేమో పాలు పడి, రొమ్ములు గట్టిపడి ఒళ్ళంతా సలపరం. ఆస్పత్రిలో ఒకావిడ "షీల్డు అలవాటు చేశావంటే ఇక జన్మలో నేరుగా తాగడు" అని బెదరగొట్టింది. ఇంకొకావిడ, లాక్టేషన్ కన్సల్టెంట్, అంటే తల్లులకి పాలివ్వడం నేర్పే ఆవిడ, ఏమీ మాట్లాడకుండా షీల్డును గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పెట్టి, వాడి నోటికి అందించింది. పట్టేశాడు! కొస దగ్గర తెల్లగా పాలు నిండటం కళ్ళారా చూశాను. నేను ఏడ్చేశాను, మా అమ్మా ఏడ్చేసింది. మా ఆయన మాత్రం డబ్బీ మీద ధర చూస్తున్నాడు.

నెలలు నిండని పిల్లల్లో ఇది మామూలేనని తర్వాత చదివాను. 2000లో అమెరికాలో అలాంటి 34 మంది పసిపిల్లల్ని గమనించారట. షీల్డు లేకుండా ఒక్కో పూటకి సగటున 4 మిల్లీలీటర్లు కూడా తాగలేని వాళ్ళు షీల్డుతో 18 మిల్లీలీటర్లు తాగారట. మనకి ఇది ఏపాటి లెక్క అనిపిస్తుంది గానీ, ఆ వయసులో అది కడుపు నిండటానికీ మాడటానికీ ఉన్న తేడా.

నీ కేసు వేరనుకో. మీవాడు నిండుగా పుట్టాడు, చక్కగా చీకుతాడు, నీకే చనుమొనలు లోపలికి ఉన్నాయి. నర్సు సిరంజి కోసి ఇచ్చిందని నవ్వావు కదా, అది నవ్వుకునే విషయం కాదే. 1993లో మన పక్కనే కర్ణాటకలో, దావణగెరె పిల్లల డాక్టర్లు ఆ పద్ధతిని వైద్య పత్రికలో రాశారు. సిరంజి ముక్కు వైపు కోసేసి, పిస్టన్‌ని ఆ కోసిన వైపు నుంచి ఎక్కించి, రెండో వైపు నున్నటి అంచుని రొమ్ముకి ఆనించి మెల్లగా లాగడం. పాలిచ్చే ముందు కాసేపు అలా చేస్తే మొన బయటికొస్తుంది. నొప్పి పుట్టేంత లాగకు. దానితో పని జరిగితే షీల్డు అక్కర్లేదు. కొన్ని పూటలు అదీ, కొన్ని పూటలు ఇదీ అయినా ఎవరికీ నష్టం లేదు.

ఇక "షీల్డు పెడితే పాలు ఎండిపోతాయి" అన్న మాట. మీ పిన్ని అందని చెప్పావు, మా ఇంట్లో మా పెద్దత్త అంది. ఊళ్ళు వేరు, మాట ఒకటే. అది ఉత్త పుకారు కాదు, పాత కాలం నిజం. అప్పటి షీల్డులు మందపాటి రబ్బరువి. 1980లో ఇంగ్లాండులో లెక్క చూస్తే, ఆ పాత రకంతో బిడ్డకి అందే పాలు సగానికి పైగా తగ్గాయి. పల్చటి కొత్త రకంతో ఐదో వంతుకు కాస్త ఎక్కువ తగ్గాయి. ఇప్పుడు మనం వాడే సిలికాన్‌వి చాలా పల్చన, వాటితో అంత తేడా ఉండదు. ఇంకా వెనక్కి వెళ్తే ఐరోపాలో వెండివి, చెక్కవి, ఆఖరికి సీసంతో చేసినవి కూడా వాడేవారట. సీసం పిల్లల ఒంట్లోకి పోయి ప్రాణాల మీదకొచ్చింది కూడా. అది చదివిన రోజు మా ఇంట్లో సిలికాన్ ముక్కకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అందుకని షీల్డు మీద నీకున్న టెన్షన్ అంతా తీసి బరువు మీదా, తడి గుడ్డల మీదా పెట్టు. పుట్టినప్పుడున్న బరువు మొదట కాస్త తగ్గుతుంది, రెండు వారాలకల్లా తిరిగి రావాలి. తర్వాత మొదటి మూడు నెలలు రోజుకి 20 నుంచి 30 గ్రాముల దాకా పెరగాలి. ఐదో రోజు దాటాక రోజుకి కనీసం ఆరుసార్లు బాగా తడపాలి. ఇవి సరిగ్గా ఉంటే నీ పాలు చాలుతున్నట్టే, చుట్టాలు ఎంతమంది పెదవి విరిచినా సరే. ఇవి తగ్గాయా, ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మొదటి వారాల్లో వాడు తాగాక కాసేపు పంపుతో తీసేయడం మంచిది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పడతాయి పాలు. నేను అలాగే తీసేదాన్ని, ఆ పాలు చెంచాతో వాడికే పట్టేదాన్ని.

సైజు చూసుకున్నావా? ఇది ఎవరూ చెప్పరు. 16, 20, 24 మిల్లీమీటర్లని ఉంటాయి. మెడికల్ షాపు అబ్బాయి ఏది చేతికి దొరికితే అది ఇచ్చేస్తాడు, మనమూ ఆ కౌంటర్ ముందు నిలబడి బేరాలాడలేం కదా, సిగ్గుపడి తెచ్చేసుకుంటాం. చిన్నదైతే మొన నలిగి పుండవుతుంది, మరీ పెద్దదైతే వాడికి డోకొస్తుంది. ముక్కు దగ్గర అంచు కోసినట్టుండే రకం తెచ్చుకో, వాడి ముక్కు, గడ్డం నీ ఒంటికి తగులుతాయి. పెట్టేటప్పుడు పైన టోపీలా అతికించేయకు. అంచు తడి చేసి, సగం వరకూ వెనక్కి మడిచి, మధ్యలో మొన వచ్చేట్టు పెట్టి అంచులు వదిలితే అదే మొనని లోపలికి లాక్కుంటుంది. వాడు నోరు బాగా తెరిచేదాకా ఆగు. కొస మాత్రమే చప్పరిస్తుంటే తీసేసి మళ్ళీ పట్టించు. గుటక శబ్దం వినబడాలి, తాగాక కొసలో పాలు కనబడాలి. వాడిన వెంటనే ముందు చల్లనీళ్ళతో కడిగి, తర్వాత సబ్బు వేడినీళ్ళతో కడుగు. రోజుకొకసారి మరిగించు. అంతే, ఇదేమీ మహా విద్య కాదు.

మీ అమ్మ సొరపిట్టు, వెల్లుల్లి కారం, మునగాకు అని పెడుతుంటే హాయిగా తిను. పాల కోసం కాదు, ఆ రుచి మళ్ళీ దొరకదు కాబట్టి. హైదరాబాద్‌లో సొరచేప కోసం మా ఆయన ఎన్ని మార్కెట్లు తిరిగాడో నాకు తెలుసు, తెచ్చినవాడు ఎంత గొప్పలు పోయాడో కూడా తెలుసు.

షీల్డుతో అసలు కష్టం పాలది కాదు, సామానుది. ఒకసారి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వెళ్తున్నాం. అర్ధరాత్రి వీడు లేచి గుక్క పట్టాడు. చీకట్లో డబ్బీ తెరుస్తుంటే షీల్డు చేతిలోంచి జారి కింద పడింది. అది గాజులా కనబడనే కనబడదు, నేల మీద మరీను. నేను కొంగు సర్దుకుంటూ వంగి, మా ఆయన ఫోన్ టార్చి పట్టుకుని చెప్పుల మధ్య వెతుకుతూ. కింది బెర్తు పెద్దావిడ లేచి "ఏం పోయిందమ్మా, ముక్కుపుడకా?" అని తనూ వెతకడం మొదలెట్టింది. ఏమని చెప్పను? "పిల్లాడి సామానండీ" అన్నాను. చివరికి ఆవిడకే దొరికింది. టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, తన ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు మూతలో పోసి అందులో వేసి ఇచ్చింది. "మా కోడలూ వాడిందిలే" అంది. ఆ తర్వాత నుంచి ఒకటి నా బ్యాగులో, ఒకటి డైపర్ల సంచీలో, ఒకటి మా ఆయన చొక్కా జేబులో. ఆఫీసు మీటింగులో పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే డబ్బీ వచ్చిందని వారం రోజులు నా మీద అలిగాడు.

షీల్డు మాన్పించే ప్రయత్నం చేయలేదా అంటే చేశాను. షీల్డుతో మొదలుపెట్టి, పాలు చేపుకొచ్చి గుటకలు జోరుగా పడుతున్నప్పుడు చటుక్కున తీసేసి నేరుగా అందించడం. లేదా సగం నిద్రలో ఉన్నప్పుడు, ఆకలి మీద లేనప్పుడు, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టుకుని ఇవ్వడం. చాలామంది పిల్లలు కొన్నాళ్ళకి ఇలాగే వదిలేస్తారు. మావాడు మాత్రం నా మొహంలోకి ఒకసారి చూసి, పెదవి విరిచి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. ఆ పోట్లాట వల్ల పాలిచ్చే వేళంటేనే ఇద్దరికీ భయం పట్టుకుంటోందనిపించి మానేశాను. నువ్వు కూడా అంతే: వదిలాడా సరే, వదల్లేదా అదీ సరే. ఒక్క పని మాత్రం చేయకు. కొస కొంచెం కొంచెం కత్తిరిస్తూ పొమ్మని ఎవరైనా చెబితే వినకు, సిలికాన్ కోసిన అంచు వాడి నోటికి గుచ్చుకుంటుంది.

పెద్దవాడయ్యే కొద్దీ వేషాలు మొదలవుతాయి. దాన్ని పీకి కన్ను దగ్గర పెట్టుకుని చూసేవాడు, బొమ్మ ఏనుగు నెత్తిన పెట్టేవాడు. నడక వచ్చాక ఆకలేస్తే తనే డబ్బీ తెచ్చి నా ఒళ్ళో పడేసేవాడు. మాటలొచ్చాక దానికి "తోపీ" అని పేరు పెట్టాడు. మా ఆడపడుచు పెళ్ళిలో, పందిట్లో అందరి మధ్య "అమ్మా, తోపీ! తోపీ!" అని రాగం తీశాడు. పాపం మా మామయ్యగారు, ఎండకి అడుగుతున్నాడనుకుని బజారుకెళ్ళి ఎర్ర టోపీ కొనుక్కొచ్చారు. వీడు దాన్ని నేలకేసి కొట్టాడు. ఆయనకి ఇప్పటికీ అసలు సంగతి తెలీదు.

రెండేళ్ళయ్యాక మా అమ్మ "వేపాకు రాయవే, అదే మానేస్తాడు" అంది. దేనికి రాయను, నాకా, షీల్డుకా? ఇద్దరం పడీపడీ నవ్వాం. ఏమీ రాయలేదులే. పగటి పూటలు ముందు తగ్గించాను, ఆఖరికి పడుకునే ముందు ఒక్కటే మిగిలింది, ఒక రోజు కథ చెప్పేసరికి అదీ మరిచిపోయి నిద్రపోయాడు.

ఇంకో రెండు ముక్కలు, ఇవి మటుకు సీరియస్‌గా విను. షీల్డుతో ఒక్కోసారి రొమ్ము పూర్తిగా ఖాళీ అవదు. స్నానం చేసేటప్పుడు చేత్తో తడిమి చూసుకో. గడ్డలా తగిలి, ఎర్రబడి, జ్వరం వస్తే వేడి కాపడాలు, ఇంటి వైద్యాలంటూ కూర్చోకు, డాక్టర్‌కి చూపించు. పాలివ్వడం ఆపకు. వాడి నాలుక మీద తెల్లగా అంటుకుని పోకపోయినా, నీ మొనలు మండుతున్నా అదీ చూపించు, అది ఇద్దరికీ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

ఆఫీసు గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకు. 26 వారాల సెలవు ఉంది కదా, 2017 నుంచి చట్టమే ఇచ్చింది. పంపు సంగతి, పాలు దాచే సంగతి అప్పటికి మాట్లాడుకుందాం.

బారసాలకి వస్తున్నాను, టికెట్లు తీసేసుకున్నాను. ఈలోపు నీ షీల్డు డబ్బీ మీద ఏ సైజు రాసుందో ఫోటో తీసి పెట్టు, సరిపోదనిపిస్తే ఇక్కడినుంచి కొనుక్కొస్తాను. వాడిని బరువు తూయించిన రోజు అంకె మెసేజ్ చెయ్యి. మీ అమ్మగారితో చెప్పు, సొరపిట్టు నా వాటా విడిగా తీసిపెట్టమని.

ఉంటానే మరి,
నీ హాస్టల్ రూమ్మేట్