గోడలు లేని చర్చి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అత్తయ్యకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్‌లో చెబుదామనుకున్నాను కానీ మాటల్లో పడి సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

నిన్న సాయంత్రం ఆఫీసు అయ్యాక ఇక్కడ బెర్లిన్‌లో మావర్‌స్ట్రాసె వైపు నడిచాను. బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో సరిహద్దు దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీకి దగ్గర్లోనే, బెత్లెహేము చర్చి పేరుతో చిన్న ఖాళీ జాగా ఉంది. చర్చి లేదు. దాని పునాది ఎక్కడెక్కడ ఉండేదో నేల మీద రంగు రాళ్లతో చూపించారు, పైన చర్చి ఆకారాన్ని గోపురంతో సహా ఇనుప గొట్టాలతో నిలబెట్టారు, 2012లో హువాన్ గరైసాబల్ అనే స్పెయిన్ కళాకారుడు చేశాడు. ఆ రాళ్ల వెంబడే మెల్లగా చుట్టూ తిరిగాను, గోడ ఉండాల్సిన చోట చలిగాలి కొడుతోంది.

ఆ చర్చిని కట్టింది ఎవరో తెలుసా? బొహీమియా నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం నుంచి పారిపోయి వచ్చిన వాళ్లు. 1620లో తెల్లకొండ యుద్ధంలో ఓడిపోయాక అక్కడి ప్రొటెస్టంట్లు కేథలిక్కులుగా మారాలి, లేదా ఊరొదిలి పోవాలి. వందేళ్లకు పైగా కొందరు ఇళ్లల్లో బైబిళ్లు దాచుకుని చదువుకున్నారురా, అది తలుచుకుంటేనే నాకు గొంతు పట్టేసింది. 1732 నుంచి గుంపులుగా బెర్లిన్ చేరారు, చాలామంది నేతపని వాళ్లు. రాజు ఫ్రెడరిక్ విలియం 1 చర్చికి సాయం చేశాడు, 1735లో మొదలైన కట్టడం 1737 మేలో ప్రతిష్ఠ అయింది. ప్రార్థనలు చెక్ భాషలోనే. ప్రాగ్‌లో చెక్ మత సంస్కర్త యాన్ హుస్ ప్రసంగించిన బెత్లెహేము మందిరం పేరే దీనికీ నిలిచింది. ఊరు పోగొట్టుకున్నవాళ్లకి ఆ పేరు పలికినప్పుడల్లా ఎలా ఉండేదో కదా!

అదే జాగాలో ఓల్డెన్‌బర్గ్, వాన్ బ్రుగెన్ అనే శిల్పులు చేసిన పెద్ద బంతి కూడా ఉంది, ఇంటి సామానంతా కలిపి తాళ్లతో కట్టేసినట్టు. కట్టుబట్టలతో వచ్చిన వాళ్ల చర్చి పక్కన అంతకన్నా తగింది ఏముంటుంది? నేను దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డాను.

1943 నవంబరు బాంబుదాడిలో చర్చి దెబ్బతింది. శిథిలాలు ఇరవై ఏళ్లు అలాగే ఉన్నాయి, 1963లో అవీ తీసేశారు.

నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇది. ఈ చర్చి పాస్టరు యోహన్నెస్ యేనికె, ఆ బొహీమియా వాళ్ల బిడ్డే, 1800లో మిషనరీలకు ఇక్కడ బడి పెట్టాడు. తర్వాతి పాస్టరు గోస్నర్ 1836లో మిషన్ మొదలుపెట్టాడు, ఆయన పంపినవాళ్లు 1845లో రాంచీ చేరారు. మీ నాయనమ్మ ఎప్పుడూ చెప్పే హేయర్ అయ్యగారు మన గుంటూరికి వచ్చింది 1842లో కదా, అంటే మూడేళ్లే తేడా! ఆయన వేరే మిషన్ మనిషే అనుకో, అయినా లెక్క చూసుకుని ఒళ్లు ఝల్లుమంది. ఇక్కడ ఇటుక కూడా మిగల్లేదు, రాంచీలో గోస్నర్ సంఘం మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆడిట్ పని మీద రాంచీ వెళ్తుంటావుగా, ఈసారి వెళ్లినప్పుడు ఆ గోస్నర్ సంఘం వాళ్ల పాత క్రైస్ట్ చర్చి ఫొటో తీసి పంపరా. లోపల గోడ కూడా ఒకటి తియ్యి. ఇక్కడివి నేను పంపుతాను.

నీ
రాజు