నడుము పట్టేస్తే నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చేయడమేనా?

సంపాదకులు గారికి,

మా మిర్యాలగూడ చుట్టుపక్కల నాట్లు మొదలయ్యాయంటే మెడికల్ షాపుల్లో వినిపించే మాట ఒక్కటే: "నడుము పట్టేసింది, గోలీలు ఇవ్వు." పొద్దంతా బురదలో వంగి నారు నాటితే పట్టేయక ఏమవుతుంది? షాపతను చీటీ అడగడు. కత్తెర తీసి, పది గోలీల షీటులోంచి నాలుగు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు.

పోయిన వానాకాలం మా వదిన అలాగే తెచ్చుకుంది. ఆ ముక్క మీద మందు పేరు సగమే ఉంది. ఎర్ర గీత, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్చరిక షాపులో మిగిలిన ముక్కతోనే ఉండిపోయాయి. రెండు గోలీలకే నొప్పి తగ్గింది, కాదనను. కానీ మర్నాడు పొద్దున ఆ గోలీల మత్తులోనే ట్రాక్టర్ ట్రాలీ ఎక్కబోయి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కూలి మాట అటుంచి, కట్టు విప్పేసరికి నాట్లే అయిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టర్ చెబితే తెలిసింది, ఆ ఒక్క గోలీలో మూడు మందులున్నాయట. నొప్పికి అసిక్లోఫెనాక్, పారాసిటమాల్, కండరాలు వదులు కావడానికి క్లోర్‌జోక్సజోన్. ఒళ్లు వెచ్చగా ఉందని వదిన విడిగా పారాసిటమాల్ కూడా మింగుతోంది. అంటే తెలియకుండానే డబుల్ డోసు!

ఇలాంటి గోలీల్లోనే కండరాలు వదులు చేసే థయోకాల్చికోసైడ్ అనే మందు కూడా వస్తుంది. దీన్ని నోటితో వేసుకుంటే వరుసగా ఏడు రోజులు మించకూడదని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు వాడకూడదని యూరప్ ఔషధ సంస్థ 2013లోనే చెప్పింది. ఒంట్లోకి వెళ్లాక ఇది మారి తయారయ్యే పదార్థం క్రోమోజోములను దెబ్బతీయవచ్చన్నది వాళ్ల భయం. మన నాట్ల కూలీల్లో పెళ్లయి ఏడాది తిరగని అమ్మాయిలు ఎంతమంది! కౌంటర్ దగ్గర "నెల తప్పావా అమ్మా?" అని అడిగేవారెవరు? టిజానిడిన్ అని ఇంకొకటుంది. విరేచనాలకని మనవాళ్లు తోచినట్టు వేసుకునే సిప్రోఫ్లాక్సాసిన్‌తో అది కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

నేను మందులకు వ్యతిరేకిని కాను. డాక్టర్ చూసి నాలుగు రోజులకు రాసిస్తే వేసుకోవాల్సిందే. అయితే పది కిలోమీటర్లు బస్సెక్కి, ఒక రోజు కూలి వదులుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లమంటే ఎవరు వెళతారు? అందుకే నాట్ల నెలన్నర పాటు సాయంత్రం ఆరు తర్వాత కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్ ఉండేలా చూడాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు లైసెన్సు కాగితాలతో సరిపెట్టకుండా, ఈ గోలీలు చీటీ మీదే అమ్ముతున్నారా అని బిల్లులు తిరగేయాలి. షీటు కత్తిరించి ఇవ్వక తప్పకపోతే కవరు మీద మందు పేరు, ఎన్ని రోజులు వాడాలో, "మత్తు వస్తుంది, బండి నడపవద్దు" అన్న మాట తెలుగులో రాసివ్వాలి. అందుకు షాపతనికి ఒక పెన్ను, అర నిమిషం చాలు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా