మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా వైర్ల గోలే

సభ్యులందరికీ నమస్కారం. లిఫ్ట్ రిపేరు, ట్యాంకులు కడిగించడం, వినాయక చవితి పందిరి ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు సెల్లార్‌లో నోటీసు బోర్డుకి అంటించాం, చూసుకోండి. ఈసారి ఎక్కువ రాయాల్సింది సీసీ కెమెరాల గురించే.

టెర్రస్ మీది రెండు కెమెరాలు పగలు బాగానే ఉండి, చీకటి పడగానే ఆగిపోయేవి. దెయ్యమని పిల్లలు, కెమెరాలు పోయాయని పెద్దవాళ్లు అన్నారు. కొత్తవి కొనేద్దామని కమిటీలో దాదాపు తేల్చేశాం కూడా. తీరా చూస్తే తప్పు కేబుల్‌ది. ఇవి పీఓఈ కెమెరాలు, అంటే డేటా వెళ్లే ల్యాన్ కేబుల్‌లోనే కరెంటూ వెళ్తుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. మనకి వేసిన కేబుల్ సీసీఏ, పైకి రాగి పూత, లోపలంతా అల్యూమినియం. అంత దూరం వెళ్లేసరికి వోల్టేజీ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతోంది. తీగని బ్లేడుతో గీకితే తెల్లగా కనబడింది, అది మేం కొనేటప్పుడే చేయాల్సిన పని. పైగా మన విశాఖ ఎంవీపీ కాలనీ ఉప్పుగాలికి ఆర్‌జే45 కనెక్టర్ల (కేబుల్ కొసన ఉండే ప్లగ్గుల) పిన్నులు చిలుము పట్టి ఉన్నాయి.

ఇప్పుడు క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్, లోపలంతా రాగే ఉన్నది, లాగించాం. కనెక్టర్లు వాటర్‌ప్రూఫ్ డబ్బాల్లో పెట్టించాం, కేబుల్ మొత్తం పైపులోంచే వెళ్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వేలాడే వైర్లు ఏమయ్యాయో చూసినవాళ్లం కదా.

ఆఫీసు కంప్యూటర్ నెట్ 100 ఎంబీపీఎస్ దాటడం లేదన్న ఫిర్యాదు కూడా తీరింది. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున మెలేసి నాలుగు జతలు. 100కి రెండు జతలు చాలు గానీ గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగూ కావాలి. గోడ సాకెట్‌లో గోధుమరంగు జత సరిగా దిగలేదు, మళ్లీ లోపలికి నొక్కి బిగింపిస్తే సరిపోయింది.

ఇక సంక్రాంతి ముందు ఒక సాయంత్రం కెమెరాలన్నీ ఒకేసారి ఆగిపోవడానికి కారణం నేనే, ఒప్పేసుకుంటున్నా. నెట్‌వర్క్ పరికరాలుండే ర్యాక్ సర్దుతూ, ఊడిన ప్యాచ్ కార్డ్ (పొట్టి ల్యాన్ కేబుల్) రెండో కొసని కూడా అదే నెట్‌వర్క్ స్విచ్‌లో, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలో, పెట్టేశాను. ఇలా చేస్తే లూప్ పడి, బయటికి పోవాల్సిన సమాచారం అందులోనే గిరగిరా తిరిగి స్విచ్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఖరీదైన స్విచ్‌లు దీన్ని పట్టుకుంటాయట, మనది అంత ఖరీదు కాదు.

మీరు తేల్చాల్సింది ఒకటుంది. బి బ్లాక్ గేటు మన ర్యాక్ నుంచి వంద మీటర్లు దాటుతుంది, ల్యాన్ కేబుల్‌కి అదే హద్దు. మధ్యలో ఇంకో స్విచ్ పెట్టాలి, లేదా ఫైబర్ (గాజు తీగ కేబుల్) లాగాలి. ఫైబర్‌లో వెళ్లేది వెలుగు కాబట్టి పిడుగుల సమయంలో ఒక బ్లాకు కరెంటు ఇంకో బ్లాకు పరికరాలకి పాకే భయం తక్కువ. నా ఓటు దానికే, కొటేషన్లు మీటింగ్‌కి తెస్తాను.

పాత సీసీఏ చుట్ట వాచ్‌మన్ గదిలో ఉంది. పందిరి కర్రలు కట్టుకోడానికి తప్ప ఎవరూ ఇంకెందుకూ వాడొద్దు.

మీ సెక్రటరీ