ఫ్రీజ్ పెడితే డబ్బు మిగులుతుందా?

ఒరే శీనూ,

అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో కొత్త నియామకాలు ఆపేస్తే (దాన్నే ఫ్రీజ్ అంటారు), ఆ జీతాలకని కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) ఇచ్చిన డబ్బు ఎటు పోతుందని కదా నీ ప్రశ్న? అసలు ఎంత మిగులుతుందో ముందు చూడు, ఎటు పోతుందన్నది తర్వాత.

వెయ్యిమంది ఉన్న ఆఫీసు అనుకో. నెలకి ఆరుగురు రిటైరో రాజీనామానో చేస్తారు. మూడు నెలల ఫ్రీజ్‌లో 18 ఖాళీలు. అందరూ మొదటిరోజే వెళ్లరు కాబట్టి ఒక్కో కుర్చీ సగటున నెలన్నరే ఖాళీగా ఉంటుంది. మనిషికి నెలకి పదివేల డాలర్లు వేసుకున్నా మిగిలేది 2.7 లక్షలు. ఆ మూడు నెలల జీతాల బిల్లేమో మూడు కోట్లు. ఒక్క శాతం కూడా రాలేదు చూశావా! పైగా ఖాళీ అయ్యేది ఎవరో వెళ్లిపోయిన సీటే తప్ప పని లేని సీటు కాదు. ఆ పని ఓవర్‌టైమ్ మీదో, కాంట్రాక్టరు మీదో పడుతుంది. అధ్యక్షుడు కార్టర్ పెట్టిన మూడు ఫ్రీజ్‌లు, ఆయన తర్వాత 1981లో రీగన్ పెట్టినది పరిశీలించి జీఏఓ (కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే సంస్థ, మన కాగ్ లాంటిది) 1982లో ఇదే తేల్చింది: సిబ్బంది సంఖ్య పెద్దగా తగ్గలేదు, పనులు మాత్రం దెబ్బతిన్నాయి.

ఇక ఆ మిగిలిన డబ్బు. అది అధ్యక్షుడి జేబులోది కాదు. వాళ్ల ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఏడాది గడువున్న నిధుల్ని ఆలోగా ఏదో ఒక ఖర్చుకి ఖాయం చేయకపోతే మురిగిపోతాయి. మన మార్చి 31 హడావుడే, నెల పేరే వేరు.

"మురిగిపోనీ, నేను ఖర్చు పెట్టను" అని అధ్యక్షుడు అనొచ్చా? 1970ల్లో అధ్యక్షుడు నిక్సన్ అన్నాడు. మురుగునీటి శుద్ధికి కాంగ్రెస్ ఆయన వీటోని కూడా తోసిరాజని ఇచ్చిన డబ్బుని ఆపాడు. 1975లో సుప్రీంకోర్టు కుదరదంది. ఈలోపే 1974లో చట్టం వచ్చింది. నిధులు రద్దు చేయాలంటే అధ్యక్షుడు కాంగ్రెస్‌కి సందేశం పంపాలి. సమావేశాల లెక్కన 45 రోజుల్లోగా రెండు సభలూ ఒప్పుకోకపోతే డబ్బు విడుదల చేసి తీరాలి. కొన్నాళ్లు వాయిదా వేయొచ్చు, కానీ "ఈ పథకం నాకు నచ్చలేదు" అన్నది కారణం కింద చెల్లదు.

మెలిక ఉన్నది ఆ 45 రోజుల్లోనే. 2025 జులైలో సుమారు 900 కోట్ల డాలర్ల రద్దుకి కాంగ్రెస్ ఓటేసింది, అది చట్టం చెప్పిన దారిలో జరిగిన పని. ఆగస్టు చివర్లో అధ్యక్షుడు ట్రంప్ ఇంకో 490 కోట్లకి సందేశం పంపాడు. ఆ 45 రోజులు తీరేలోపే సెప్టెంబరు 30 వచ్చి డబ్బు మురిగిపోతుంది కదా! ఇలా చేయడం చట్టవిరుద్ధమని జీఏఓ అంది. సుప్రీంకోర్టు మాత్రం కేసు తేలేదాకా అందులో ఎక్కువ భాగం ఆపుకోనిచ్చింది. చట్టం రాసినవాళ్లు క్యాలెండరు చూసుకోలేదనే నా అభిప్రాయం.

ఇక అమెరికా ప్రభుత్వ ఉద్యోగానికి ఆఫర్ వచ్చిన మీ అక్క కొడుకు సంగతి. ఫ్రీజ్‌లో ముందు తెగేది ఇంకా చేరనివాళ్లే. 2025 జనవరి 20 మధ్యాహ్నం లోపు ఆఫర్ అంది, ఫిబ్రవరి 8 లోపు చేరే తేదీ ఉన్నవాళ్లని చేరనిచ్చారు. తేదీ లేనివాళ్ల ఆఫర్లు మినహాయింపు దొరక్కపోతే రద్దే. సైన్యం, ప్రజా భద్రత లాంటివాటికి మినహాయింపు ఉంటుంది. కాబట్టి వాడి కాగితం మీద "టెంటేటివ్" (ఇంకా ఖాయం కానిది) అని ఉందా, "ఫైనల్" అని ఉందా, చేరే తేదీ వేశారా చూడమను. ఆ రెండూ తేలేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దని నా మాటగా చెప్పు.

నీ
రఘు