ఐసీయూ బయట నా తల దువ్విన ఆమెకు

అందరికీ వందనాలు. మావారు ఇంటికి వచ్చారు. ఆక్సిజన్ లేకుండా ఊపిరి తీసుకుంటున్నారు. గుమ్మం దాకా నడుస్తున్నారు. పప్పులో ఉప్పు తక్కువైందని నా మీద విసుక్కుంటున్నారు కూడా. ఇన్నాళ్లూ ఫోన్లు చేసినవాళ్లకి, మెసేజ్‌లు పెట్టినవాళ్లకి జవాబివ్వలేకపోయాను. విడివిడిగా రాసే ఓపిక ఇప్పటికీ లేదు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్లకి: 2025 మార్చి 5, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం. ఒళ్లు వెచ్చగా ఉన్నా వినకుండా సాయంత్రం పూజకి వచ్చారు. నుదుట విభూది పెట్టించుకుని ఇంటికి చేరేసరికి ఒకటే చలి. అది నిమోనియా అని, రెండు ఊపిరితిత్తులకీ పాకిందని మాకు అర్థమయ్యేలోపే వెంటిలేటర్ పెట్టారు. మనిషి మట్టే అని గుడిలో ఏటా వింటాం, విని ఇంటికొచ్చి అన్నం తింటాం. ఈసారి ఆ మాట వెంటపడి ఆసుపత్రి దాకా వచ్చింది.

పాస్క (ఈస్టర్) ముందు నలభై రోజుల తపస్సు కాలమంటే నేను నీచు మానేస్తాను, పూలు మానేస్తాను, గుణదల కొండ మీద సిలువ దాకా ఎక్కుతాను. ఈ ఏడాది ఏం మానాలో ఆలోచించే పనే లేకపోయింది, నిద్రతో సహా అన్నీ వాటంతటవే పోయాయి. ఒక్క శుక్రవారం కూడా, ఏసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ చేసే సిలువ మార్గం ప్రార్థనకి వెళ్లలేదు. చేతిలో జపమాల ఉండేది గానీ పూసలు కదిలేవి కావు. ‘మంగళ వార్త’ జపం సగంలో ఆగిపోయేది, మిగతా సగం గుర్తొచ్చేది కాదు.

ఐసీయూ బయట హాల్లో నా పక్క కుర్చీ ఒక పెద్దామెది. అరవై దాటి ఉంటాయి. నూజివీడు వైపు పల్లె. ఆటో నడిపే కొడుకు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి లోపల ఉన్నాడు. రంజాన్ నెల కదా, ఆమె రోజా ఉంటోంది. ఈ ఏడాది వాళ్ల ఉపవాసాలూ మనవీ దాదాపు కలిసే వచ్చాయి. హాల్లో అందరూ ఆమెను ఖాలా (పిన్ని) అనేవారు, నేనూ అలాగే అన్నాను. అసలు పేరు అడగాలని తోచలేదు.

లోపలి నుంచి ఏ వేళలోనైనా మైకులో పేషెంటు పేరు పిలుస్తారు. పలక్కపోతే ఏమవుతుందోనని నేను కన్ను మూసేదాన్ని కాదు. ఒక రాత్రి ఆమె, “నువ్వు పడుకో అమ్మాయ్, నేను సహరీకి ఎలాగూ లేస్తా, పిలిస్తే లేపుతా” అంది. సహరీ అంటే రోజాకి ముందు తెల్లవారుజామున తినే తిండి. తన కొడుకు పేరుతో పాటు మావారి పేరు కూడా గుర్తుపెట్టుకుని కాచుకుంది. ఆ రాత్రి నిజంగానే నిద్రపోయాను.

అదైనా తట్టుకున్నాను గానీ, తర్వాత ఒకరోజు మధ్యాహ్నం సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, “ఇటు తిరుగు. లోపలాయన లేచి చూస్తే జడుసుకుంటాడు” అంటూ నా తల ముందేసుకుంది. అప్పటికి ఎన్నాళ్లయిందో దువ్వుకుని. చిక్కులు పట్టి అట్టకట్టిన జుట్టును పాయ పాయగా విడదీసి, నూనె రాసి, గట్టిగా జడ వేసింది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి, గుక్కెడు నీళ్లకి నోరెండిపోయే వేళలో. డాక్టరు “చెప్పలేం” అన్నప్పుడు కూడా ఏడవని నేను అక్కడ అందరి ముందూ భోరుమన్నాను. ఆమె ఓదార్చలేదు. “తల కదపకు” అంది.

శ్రమ వల్ల ఓర్పు, ఓర్పు నుంచి చివరికి నిరీక్షణ, అంటే ఆశ, పుడతాయని బైబిల్లో పౌలు రోమీయులకు వరసగా రాశాడు. నాకు ఆ వరస కుదరలేదు. నా దగ్గర ఓర్పు అనేదే లేదు, ఖాలా ఓర్పు మీద బతికాను. సిలువ మార్గంలో ఐదో స్థలం దగ్గర కురేనీయుడైన సీమోను గుర్తొస్తాడు. అతన్నైనా పట్టుకుని ఏసు సిలువ బలవంతంగా మోయించారు. ఈమెను ఎవరూ అడగలేదు.

రంజాన్ పండగకి ముందే డబ్బు అయిపోయి కొడుకుని పెద్దాసుపత్రికి మార్చుకున్నారట. నేను మందుల కోసం కిందికి వెళ్లి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. అతను కోలుకున్నాడో లేదో తెలియదు. నూజివీడు వైపువాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఆమె ఆచూకీ తెలిస్తే, దయచేసి నాకు చెప్పండి.

ఇక్కడ ఒకమాట అనకపోతే నిద్ర పట్టదు. డిశ్చార్జి సమయంలో క్యాష్‌లెస్ అనుమతి మూడు గంటల్లో తేల్చాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లోనే ఆదేశం ఇచ్చింది. మాకు పొద్దున డిశ్చార్జి రాస్తే మర్నాటికి తేలింది. కౌంటర్లో అడిగితే ఇన్సూరెన్స్ వాళ్లనీ, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే కౌంటర్నీ అడగమన్నారు. ఇక ఆ హాలు కుర్చీలు! మనిషి నడుం వాల్చకుండా మధ్యమధ్యలో ఇనప చేతులు. కింద దుప్పటి పరిస్తే సెక్యూరిటీ కుర్రాడు వచ్చి లేపుతాడు. పాపం వాడి ఉద్యోగం అది, వాణ్ణి అనడం లేదు.

అమ్మ, అత్తయ్య, తమ్ముడు, ఆడపడుచు... మీకు వేరే చెప్పాలా!

మార్చి 23న పోప్ ఫ్రాన్సిస్ గారు అదే జబ్బు నుంచి బయటపడి ఆసుపత్రి వదిలారని ఫోన్లో చూసి ఎంత ధైర్యం తెచ్చుకున్నానో. ఎనభై ఎనిమిదేళ్ల ఆయనే గట్టెక్కారు, మావారికేం అనుకున్నాను. నిన్న పాస్క పండగనాడు కూడా బాల్కనీలోంచి దీవెన ఇచ్చారు. ఇవాళ, ఏప్రిల్ 21 మధ్యాహ్నం వార్త వచ్చింది, వెళ్లిపోయారని. చేతులు వణికాయి. మావారికి ఇంకా చెప్పలేదు. పాతికేళ్లకోసారి వచ్చే జూబిలీ ఏడాదిని నిరీక్షణ పేరు మీదే ప్రకటించిన మనిషి. ఆయన ఆత్మకి శాంతి కలగాలి. శనివారం రాత్రి జాగరణ పూజలో, తపస్సు కాలమంతా పాడని అల్లెలూయ మళ్లీ ఎత్తుకున్నప్పుడు, మావారు మంచంమీద ఫోన్లో వింటూ గొంతు కలపబోయి దగ్గారు. ఆ దగ్గే నాకు పండగ.

అయ్యో, చాలామందిని వదిలేశాను. అర్ధరాత్రి వచ్చి మావారికి అభ్యంగనం (రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) ఇచ్చిన ఫాదర్ గారికి, జపమాల చెప్పుకున్న మరియ దళం అమ్మలకి, రక్తం ఇచ్చిన కాలేజీ కుర్రాళ్లకి, రాత్రి డ్యూటీ కేరళ సిస్టర్‌కి వందనాలు. మా పిల్లలకి రోజూ క్యారేజీ పంపిన పైవాటా వదినగారూ, మీ స్టీలు గిన్నెలు రెండు మా ఇంట్లోనే ఉన్నాయి, మూత ఒకటి కనిపించడం లేదు. లిఫ్టు తాతయ్యకి కూడా. ఇంకా ఎవరైనా మిగిలిపోయి ఉంటే కోప్పడకండి, గుర్తు రాగానే కింద రాస్తాను.