పోర్టింగ్ అంటే రంధ్రం పెద్దది చేయడం కాదు

సంపాదకుడిగారికి నమస్కారం.

బైకు పికప్ పెంచుకోవడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. డై గ్రైండర్ ఒకటి ఉంటే సిలిండర్ హెడ్డును (ఇంజను పై మూతను) ఇంట్లోనే పోర్టింగ్ చేసుకోవచ్చని, అంటే అందులో గాలి వెళ్లే దారుల్ని (పోర్టుల్ని) అరగదీసుకోవచ్చని రాశారు. చేసుకోవచ్చు, కాదనను. కానీ మెటల్ ఎక్కడ తీయాలి, ఎక్కడ ముట్టుకోకూడదు అన్నది ఒక్క ముక్క కూడా లేదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో హెడ్ వర్క్ చేస్తాను. వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే రింగులు) కోయడం, గైడ్లు (వాల్వు కాడ ఆడే గొట్టాలు) మార్చడం, హెడ్డు ఫేసింగ్ (అడుగు చదును చేయడం) మా పని. మీ ఫొటోలో ఉన్నట్టు తళతళలాడే హెడ్లు మా బల్ల మీదకి రిపేరుకి వస్తూనే ఉంటాయి.

మన కుర్రాళ్ల తికమక యమహా ఆరెక్స్ 100 బైకు దగ్గర మొదలైందని నా అనుమానం. అది టూ స్ట్రోక్. దాని పోర్టులు సిలిండరు గోడలో ఉంటాయి. వాటి పై అంచు కొంచెం పైకి అరగదీసినా పోర్టు తెరుచుకునే టైమే మారిపోతుంది, తేడా వెంటనే తెలుస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఆ టైము వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్ట్ చూసుకుంటుంది. పోర్టు చేయాల్సిందల్లా గాలిని జోరు తగ్గకుండా వాల్వు దాకా చేర్చడమే. 22 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 26 చేశారనుకోండి. వైశాల్యం దాదాపు 40 శాతం పెరుగుతుంది. వెళ్లే గాలి అంతే అయితే వేగం నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. బందరు కాలువను మధ్యలో వెడల్పు చేసినంత మాత్రాన నీళ్లు ఎక్కువ రావు కదా, నడక మందగిస్తుంది. కార్బురేటర్ బండైతే పెట్రోలు గాలిలో సరిగా కలవక గోడలకి పట్టేస్తుంది. "పవర్ బాగా పెరిగిందండీ, కాకపోతే బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కాలంటే గేరు దించాల్సి వస్తోంది" అంటాడు కుర్రాడు. ఏం పెరిగినట్టు?

గాలికి అసలు ఇరుకు వాల్వు దగ్గర. 32 మిల్లీమీటర్ల వాల్వు 8 మిల్లీమీటర్లు లేస్తేనే దాని చుట్టూ ఉన్న సందు వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. అంతకన్నా తక్కువ లేచినంతసేపూ గాలిని ఆపేది ఆ సందే. అందుకే సీటు పని బాగుండాలి. 45 డిగ్రీల ముఖానికి పైన 30, కింద 60 డిగ్రీలు కోస్తే గాలి చక్కగా తిరుగుతుంది. సీటు కింద, ఫ్యాక్టరీ కట్టర్ ఆగిపోయి పోత పోసిన లోహం మొదలయ్యే చోట గట్టులాంటి అంచు ఉంటుంది. దాన్ని కలిపేయండి. గాలి గొట్టం హెడ్డుకి బిగించే గ్యాస్కెట్ దగ్గర మెట్టు ఉంటే సరిచేయండి. ఇంట్లో చేసేవాళ్లకి ఇంతే చాలు. పోర్టు అడుగున వాల్వు వైపు తిరిగే చిన్న మలుపు జోలికి మాత్రం పోవద్దు. దాన్ని చెక్కేస్తే గాలి మలుపు తిరగలేక గోడ వదిలేస్తుంది. మారుతి 800 లాంటి నీళ్లతో చల్లబడే ఇంజన్లలో గోడ వెనకే నీళ్ల దారి ఉంటుంది, రంధ్రం పడితే హెడ్డు తుక్కు కిందే లెక్క. ఇంటేక్ పోర్టుకి (గాలి లోపలికి వచ్చే దారికి) పాలిష్ కూడా అక్కర్లేదు, కొంచెం గరుకుగా ఉండడమే మంచిది. ఆ సరదా పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు తీర్చుకోండి.

మనం దశాబ్దాలు తిప్పిన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీది. దాని గుండె ఆకారపు దహన గది హ్యారీ వెస్లేక్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు డిజైను. హెడ్డులోంచి గాలి పంపి కొలవడంలోనే ఆయన పేరు తెచ్చుకున్నారు. నాలుగు సిలిండర్లకి రెండే ఇంటేక్ పోర్టులున్న ఆ హెడ్ల మీదే నేను పని నేర్చుకున్నాను. అందుకే కొలవకుండా గ్రైండర్ పట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కొలవడానికి లక్షలు అక్కర్లేదు. గాలి చొరబడని పెట్టె మీద హెడ్డు బిగించి, వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగి, యు ఆకారంలో వంచిన గొట్టంలో రంగు నీళ్లు పోసి దాని ఒక కొన పెట్టెకి తగిలించండి. గాలి తేలిగ్గా వెళ్తుంటే రెండు వైపుల మట్టాల తేడా తగ్గుతుంది. వాల్వును ఒక్కో మిల్లీమీటరు లేపుతూ పనికి ముందూ తర్వాతా రాసుకోండి. కరెంటు వోల్టేజి మాత్రం ఒకేలా ఉండాలి, మన దగ్గర అదో టెన్షన్.

గ్రైండర్ జారితే సీటు పోతుంది కాబట్టి పాత వాల్వు ఒకటి సీట్లో పెట్టి పని చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. పొడి అంతా గైడ్లోంచి, ఆయిల్ రంధ్రాల్లోంచి కడిగాకే బిగించండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. వాటి పెట్రోలు లెక్క, పొగ లెక్క అంతా కంపెనీ ఈసీయూలో (ఇంజన్ను నడిపే కంప్యూటర్లో) కట్టిపెట్టింది.

ఐటీఐల్లో మోటార్ మెకానిక్ పిల్లలకి ఇలాంటి గాలి పెట్టె ఒకటి చేయించమని మీ పత్రిక ద్వారా ప్రిన్సిపాళ్లను కోరుతున్నాను. ఇంట్లో చేసుకుందామనుకునే కుర్రాళ్లు గ్రైండర్ ఆన్ చేయకముందే హెడ్డు తెస్తే ఎక్కడ తీయాలో మార్కింగ్ చేసి ఇస్తాను, దానికి డబ్బులు తీసుకోను. తర్వాత తెస్తే మాత్రం బిల్లు వేస్తాను.

— ఒక హెడ్ వర్క్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ