పుస్తకంలో లేని పద్యాలనూ దాచండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పాత నాటకాన్ని కాపాడడమంటే పుస్తకం మళ్లీ అచ్చు వేయించడమే అనుకుంటున్నాం. అది చాలదండీ.

హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనే తీసుకోండి. అందులో జనం చెవులు రిక్కించి వినే జాషువా గారి శ్మశానవాటిక పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన ఆ నాటకంలోవి కావు. నటులు తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. జనం ఒన్స్‌మోర్ కొట్టారు. ఆ తర్వాత అవి పాడని హరిశ్చంద్రుణ్ణి ఎవరూ ఒప్పుకోలేదు. దాంతో కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు కథలోకి, వల్లకాట్లో అంటరానితనానికి తావు లేదన్న మాట వచ్చి చేరింది. సత్యవ్రతం గురించిన నాటకం కులం గురించి కూడా మాట్లాడింది. ఇంత పెద్ద మార్పు, పుస్తకం చూస్తే మాత్రం జాడ లేదు!

శ్రీకృష్ణ తులాభారం నాటకంలోని ‘మీరజాలగలడా’ పాట కూడా సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు గారు రాసుకున్నదే. అసలు గురజాడ వారే 1892లో విజయనగరంలో ఆడిన కన్యాశుల్కాన్ని 1897లో అచ్చు వేసి, 1909 కల్లా దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. రచయితకే లేని పట్టింపు మనకెందుకు?

వేదిక మీద చేరేదంతా మంచిదని నేననను. చింతామణి నాటకంలో సుబ్బిశెట్టి అనే వైశ్య పాత్ర సీన్లు చప్పట్ల కోసం సాగీ సాగీ బూతులోకి దిగాయి. ఆర్యవైశ్యుల మనసు నొచ్చుకుంది. 2022 జనవరిలో ప్రభుత్వం నాటకం మొత్తాన్నీ నిషేధించింది. కాళ్లకూరి నారాయణరావు గారు రాసిందేది, తర్వాత నటులు అతికించిందేది అని పక్కపక్కన పెట్టి చూపే ప్రదర్శన ప్రతులు దాచుకుని ఉంటే, వాదన మొత్తం నాటకం దాకా పోయేది కాదని నా నమ్మకం.

అందుకే అడుగుతున్నాను. పద్యనాటక సమాజాల దగ్గరున్న చేతిరాత ప్రతులను స్కాన్ చేయించండి. ఏ పద్యానికి ఏ రాగం, ఎక్కడ ఆలాపన, ఎక్కడ కోత అన్నది పెద్ద హార్మోనిస్టుల నోటే రికార్డు చేయించండి. ఒకే సీను నలుగురు నటులు నాలుగు రకాలుగా చేస్తే నాలుగూ ఉంచండి, ఊరి పేరుతో, నటుడి పేరుతో. నంది నాటకోత్సవాలకు వచ్చే సమాజాలతోనే మొదలుపెట్టొచ్చు. పోటీల టైముకు కుదించిన ప్రతి ఒక్కటే తీసుకోకండి, తెల్లవార్లూ ఆడిన ప్రతిని కూడా అడగండి.

ఇట్లు,
ఒక పద్యనాటక అభిమాని, తెనాలి